గుండె లయ తప్పితే అది కేయాసేనా?

నా గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. ఎప్పుడూ కాదు. వచ్చినప్పుడు గంటల తరబడి ఉంటుంది, తరువాత దానంతట అదే వెళ్లిపోతుంది. ఈసీజీ చూసి డాక్టరు గారు దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండెలో పైన ఉండే రెండు గదులు, అంటే కర్ణికలు, ముడుచుకోవడం మాని వణుకుతూ ఉంటాయి. రక్తం పలచబడడానికి ఒక మాత్ర, వేగం తగ్గడానికి ఇంకో మాత్ర రాశారు. రెండూ వేళకు వేసుకుంటున్నాను. కాబట్టి ఇది చదివి బత్తాయిలు పట్టుకుని ఎవరూ బయలుదేరనక్కర్లేదు.

డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషికి ఇలాంటి జబ్బు వస్తే పాత విద్యార్థులు ఊరుకుంటారా? "మేడం, ఇది మీ సబ్జెక్టే" అంటూ ఒకరు ఫోనుకు వీడియో పంపారు. అందులో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తుంది. మరుక్షణం ఎక్కడో ఒక గుండె గతి తప్పుతుంది. మధ్యలో ఏం జరిగిందో మాత్రం చెప్పరు. వెనకాల వీణ వాయిస్తూ ఉంటారు.

సీతాకోకచిలుక మీద నాకు పగ లేదు. చిన్న తేడా పోనుపోను పెద్దదవుతుందనడానికి, కేయాస్ గురించి చెప్పేవాళ్లంతా వాడే ఉపమానం అది. నిజానికి అది కేయాస్ సిద్ధాంతానికి ఆద్యుల్లో ఒకరైన వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ సొంతం కూడా కాదు. ఆయన మొదట వాడిన ఉదాహరణ సీగల్ పక్షి. 1972లో వాషింగ్టన్‌లో చేయవలసిన ప్రసంగానికి ఆయన శీర్షిక పంపకపోతే, సభ ఏర్పాట్లు చూస్తున్న ఫిలిప్ మెరిలీస్ బ్రెజిల్‌లో సీతాకోకచిలుకనూ టెక్సస్‌లో సుడిగాలినీ కలిపి ఒక శీర్షిక తగిలించాడు. అదే ప్రపంచమంతా పాకింది. కానీ గుండె సంగతి తెలుసుకోవాలంటే ఆ చిలుకను ఎగరనిచ్చి, లోరెంజ్ 1963 వ్యాసంలోని వేరే బొమ్మ చూడాలి.

వేడి గాలి పైకి లేచి తిరిగే తీరును ఆయన మూడు సమీకరణాలకు కుదించాడు. అందులో ఒక రాశి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ శిఖరాల ఎత్తుల్లో కంటికి ఏ వరసా కనబడదు. అప్పుడాయన ఒక పని చేశాడు. ఒక శిఖరం ఎత్తును అడ్డగీత మీద, దాని తరువాతి శిఖరం ఎత్తును నిలువుగీత మీద తీసుకుని చుక్క పెట్టాడు. ఆ తరువాతి జంటకు ఇంకో చుక్క. అలా పెట్టుకుంటూ పోతే చుక్కలు కాగితమంతా చెదరలేదు. గుడారం ఆకారంలో సన్నని గీతగా పేరుకున్నాయి. అంటే వరస లేనట్టు కనిపిస్తున్న జాబితాలో ప్రతి అంకెనూ దాని ముందున్న అంకె దాదాపుగా నిర్ణయిస్తోంది. లోపల నియమం ఉంది. ఆ నియమం చిన్న తేడాను పెద్దది చేసేది కాబట్టి దూరపు భవిష్యత్తు మన చేతికి అందదు, అంతే. కేయాస్ అంటే ఇదే.

హృదయ స్పందనల అధ్యయనానికి కేయాస్ సిద్ధాంతం ఇచ్చిన అసలు కానుక ఈ గ్రాఫు అని నేను అనుకుంటాను. 'ముందుది - తరువాతది' అని రెండు గీతలు గీసుకునే అలవాటు. మిగిలిన ఆర్భాటంలో చాలా భాగం లేకపోయినా నష్టం ఉండేది కాదు.

హోల్టర్, అంటే ఈసీజీని ఆగకుండా నమోదు చేసే చిన్న యంత్రం, పెట్టుకుని ఒక రోజంతా తిరిగి, యంత్రాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి టెక్నీషియన్‌ను ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య కాలాల జాబితా మొత్తం ఇమ్మని అడిగాను. "రిపోర్టులో అన్నీ ఉంటాయి మేడం, అది లక్ష అంకెల ఫైలు, మీరేం చేసుకుంటారు?" అన్నాడు. లెక్క వేసుకుంటానన్నాను. పాపం, ఇచ్చాడు. ఇంటికి వచ్చాక మా చెల్లెలి కొడుకు ఫోనులోనే ప్రోగ్రాం చెబుతుంటే నేను రాసుకున్నాను. "పెద్దమ్మా, కామా మర్చిపోయావు" అని వాడు విసుక్కున్న మాట నిజమే కానీ చుక్కలు వచ్చాయి.

లయ సరిగ్గా ఉన్న గంటల్లో అవి మూలగా వాలిన గింజలాంటి ఆకారంలో కుదురుగా పడ్డాయి. ఫిబ్రిలేషన్ ఉన్న గంటల్లో మాత్రం మేఘం. గుడారం లేదు, గీత లేదు, కాగితం నిండా చుక్కలే.

వీడియో పంపిన విద్యార్థికి ఈ బొమ్మ పంపితే "చూశారా మేడం, కేయాస్!" అన్నాడు. కాదు నాయనా. ఈ బొమ్మ చెబుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. కేయాస్ ఉంటే గీత కనబడాలి. కనీసం, కలిపేస్తే చెదిరిపోయే ఆకారమైనా ఉండాలి. నేను ఆ ఫిబ్రిలేషన్ గంటల అంకెలన్నింటినీ కంప్యూటర్ చేత పేకముక్కల్లా కలిపించి, వరస పోగొట్టి, మళ్లీ చుక్కలు పెట్టించాను. కంటికి తేడా తెలియని అదే మేఘం వచ్చింది. వరస పోయినా బొమ్మ మారలేదంటే, ఆ వరసలో ఈ గ్రాఫుకు దొరికే సమాచారం దాదాపు లేనట్టే.

అందుకు కారణం గుండె నిర్మాణంలో ఉంది. మామూలుగా కుడి కర్ణికలోని సిరాకర్ణికా కణుపు నుంచి విద్యుత్తు బయలుదేరి, కర్ణికా జఠరికా కణుపు దాటి, కింది గదులైన జఠరికలకు చేరుతుంది. ఫిబ్రిలేషన్‌లో కర్ణికల్లో అలలు చీలి నిమిషానికి 350 నుంచి 600 సార్లు ఆ కణుపు మీద పడుతుంటాయి. కొత్త సినిమా మొదటి ఆట రోజున టికెట్టు కిటికీ గుర్తుందా? వంద చేతులు ఒకేసారి దూరతాయి, లోపలి మనిషి ఒక టికెట్టు ఇచ్చి కాసేపు తలుపు వేస్తాడు, మళ్లీ తెరుస్తాడు. కణుపు పని అదే. మణికట్టు దగ్గర మనకు తెలిసేది కిటికీలోంచి బయటపడినవి మాత్రమే. పైన ఉన్న అలలకు నియమాలు ఉండవచ్చు. గుండె కణాల సమీకరణాలు నిర్ణీతమైనవే. కానీ కిటికీ అవతల నిలబడి టికెట్లు లెక్కపెట్టి గుంపు నియమం రాబట్టలేం. 1980ల చివర, 90ల మొదట్లో స్పందనల జాబితా నుంచి ఏదో ఒక సంఖ్య లెక్కగట్టి "ఇదిగో కేయాస్" అని ప్రకటించిన వ్యాసాలు చాలా వచ్చాయి. వాటిని నేను నమ్మకపోవడానికి ఇదే కారణం. 1992లో జేమ్స్ థైలర్, ఆయన సహచరులు ఇలా కలిపేసిన నకిలీ జాబితాలతో పోల్చి చూసే పద్ధతిని పకడ్బందీగా తయారుచేశాక ఆ ఉత్సాహం కొంత చల్లబడింది.

ఇక నమ్మే సంగతికి వస్తాను.

డిగ్రీలో ఫిజిక్సు చదివినవాళ్లకు నియాన్ బల్బు ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఫ్లాషింగ్, క్వెంచింగ్ పొటెన్షియళ్లు కనుక్కోమంటాం. కెపాసిటరు మెల్లగా నిండుతుంది, ఓల్టేజి ఒక హద్దు దాటగానే బల్బు వెలుగుతుంది, కెపాసిటరు ఖాళీ అవుతుంది, బల్బు ఆరిపోతుంది, మళ్లీ నిండడం మొదలు. పిల్లలు దీన్ని రికార్డులో మార్కుల ప్రయోగంగానే చూస్తారు. నెదర్లాండ్స్‌లో బాల్తజార్ వాన్ డెర్ పోల్ ఇందులో గుండెను చూశాడు. 1928లో వాన్ డెర్ మార్క్‌తో కలిసి మూడు డోలకాలతో గుండెకు విద్యుత్ నమూనా కట్టాడు. కణుపుకు ఒకటి, కర్ణికలకు ఒకటి, జఠరికలకు ఒకటి. మధ్య బంధాన్ని బలహీనపరిస్తే గుండెలో వచ్చే అడ్డంకులే ఆ బల్బుల్లోనూ వచ్చాయి. అంతకు ఏడాది ముందు వాళ్లిద్దరూ ఇంకొకటి కూడా విన్నారు, చెవులతోనే. నియాన్ డోలకాన్ని బయటి ఓల్టేజితో నడిపిస్తూ టెలిఫోను రిసీవరులో వింటే, అది బయటి పౌనఃపున్యంలో సగానికి, మూడో వంతుకు, నాలుగో వంతుకు గడియ పడినట్టు బిగుసుకుంటోంది. ఒకదాని నుంచి మరొకదానికి దూకే ముందు మాత్రం క్రమం లేని రొద. ఆ రొదను పక్క విషయంగా రాసి వదిలేశారు. అది ప్రయోగశాలలో వినిపించిన తొలి కేయాస్ అని ఇప్పుడు చాలామంది అంటారు. నేను ఏళ్ల తరబడి ఆ బల్బులు వెలిగించిన దాన్ని, రిసీవరు మాత్రం పెట్టించలేదు. మా ల్యాబులో బల్బులు ఉండడమే గొప్ప.

ఆ గడియ పడడాన్ని వైద్యులు బల్బుల కంటే ముందే చూశారు. 1899లో కారెల్ వెంకెబాఖ్ నాడి గీతలు పరిశీలిస్తూ ఒక వింత క్రమం గమనించాడు. పై గదికీ కింది గదికీ మధ్య ఆలస్యం దెబ్బ దెబ్బకూ పెరుగుతూ వచ్చి, చివరికి ఒకటి పూర్తిగా ఎగిరిపోతుంది. మళ్లీ మొదటికి. పైన నాలుగు, కింద మూడు. లేదా పైన అయిదు, కింద నాలుగు. ఐంథోవెన్ ఈసీజీ యంత్రం రాకముందు మాట ఇది. వైద్య విద్యార్థులు ఈ పేరును ఇప్పటికీ బట్టీ పడతారు. వాన్ డెర్ పోల్ బల్బుల్లో కూడా ఇదే తరగతి సంగతి జరుగుతోందని ఎవరైనా చెబితే బట్టీ పట్టనక్కర్లేదు.

ఈ రెండు దారులనూ కలిపిన ప్రయోగం 1981లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. చేసినవాళ్లు మైఖేల్ గువేరా, లియోన్ గ్లాస్, ఆల్విన్ ష్రయర్. ఏడు రోజుల కోడిపిండం గుండెలోని జఠరిక కణాలను విడదీసి, ద్రవంలో తిప్పి, మళ్లీ చిన్న చిన్న ముద్దలుగా కట్టుకోనిచ్చారు. ఒక్కో ముద్ద మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఉంటుంది. అది పళ్లెంలో దానంతట అదే కొట్టుకుంటూ ఉంటుంది. ముందుగా వాళ్లు ముద్దకు ఒకే ఒక్క విద్యుత్ పోటు ఇచ్చారు, కొట్టుకున్న వెంటనే ఒకసారి, కొంచెం ఆగి ఒకసారి, తరువాతి దెబ్బకు కాస్త ముందు ఒకసారి. పోటు ఎప్పుడు పడితే తరువాతి దెబ్బ ఎంత వెనక్కి లేక ముందుకు జరుగుతుందో గీత గీశారు. నియమం చేతికి వచ్చింది.

ఆ తరువాత చేసిన పనికి నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను. గీసిన ఆ గీతనే కంప్యూటర్‌లో మళ్లీ మళ్లీ తిప్పి, పోటును క్రమం తప్పకుండా ఇస్తూ పోతే ముద్ద ఏం చేయాలో ముందే లెక్క వేశారు. ఈ వేగంలో ఒకటికి ఒకటి. ఈ వేగంలో రెండుకు ఒకటి. ఇక్కడ ఆవర్తనం రెట్టింపవుతుంది, అంటే అదే వరస మళ్లీ రావడానికి రెండింతల కాలం పడుతుంది. ఈ ఇరుకు సందులో మాత్రం క్రమం ఉండదు. తరువాత నిజంగా పోట్లు ఇచ్చి చూస్తే కోడిపిండం కణాలు లెక్క చెప్పినట్టే నడుచుకున్నాయి, ఆ ఇరుకు సందుతో సహా. ఒక జాబితాను చూసి "ఇది కేయాసేమో" అని పేరు అంటించడం ఒకటి. నియమం ముందు కొలిచి, దాని నుంచి క్రమరాహిత్యాన్ని పుట్టించి, ఆ తరువాత జీవకణాల్లో వెతికి పట్టుకోవడం మరొకటి. మొదటిది కబురు, రెండోది శాస్త్రం.

అదే మెక్‌గిల్‌లో అంతకు చాలా ముందు ఒక విషాదం జరిగింది. జార్జి మైన్స్ అనే ఇంగ్లీషు కుర్రవాడు జంతువుల గుండెల నుంచి కండరం ఉంగరాలు కోసి, ఒకసారి పుట్టిన అల ఆ ఉంగరంలో ఆగకుండా తిరుగుతూ ఉండగలదని చూపించాడు. స్పందనలో ఒక చిన్న వ్యవధి ఉంటుందనీ, సరిగ్గా అప్పుడు పడిన ఒక్క పోటు గుండెను ఫిబ్రిలేషన్‌లోకి నెట్టగలదనీ కనుక్కున్నాడు. 1914 నవంబరులో ఆయన తన ప్రయోగశాలలోనే స్పృహ లేకుండా కనిపించాడు, పరికరాలు ఒంటికి తగిలించి ఉన్నాయి. అదే రోజు పోయాడు. 28 ఏళ్లు. తన మీదే ప్రయోగం చేసుకున్నాడని చాలామంది నమ్ముతారు, నిర్ధారణ లేదు.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీసుకోండి. ఈ భాగం చదవడం కంటే చేయడం మేలు.

గుండె కణం ఒకసారి ఉత్తేజితమైతే కొంతసేపు ఆ స్థితిలో ఉంటుంది. తరువాత విశ్రాంతి. విశ్రాంతి తక్కువైతే తరువాతి ఉత్తేజం కూడా పొట్టిదవుతుంది. 1968లో నోలాస్కో, డాలెన్ కప్ప గుండె కండరం మీద ఈ సంబంధాన్ని గీతగా గీసి, దాని వాలు ఒకటి దాటితే లయ నిలవదని చూపించారు. ఆ గీతకు తరగతి గది నమూనా ఒకటి ఇస్తాను. అంకెలు గుండ్రంగా ఉండాలని నేను ఎంచుకున్నవి, ఏ రోగివీ కావు. విశ్రాంతి కాలాన్ని మిల్లీసెకన్లలో తీసుకుని 100తో భాగించండి. ముందు రుణ గుర్తు పెట్టి సహజ ఘాతం (కాలిక్యులేటర్‌లో e^x మీట) కనుక్కోండి. దాన్ని 200తో గుణించి 250లోంచి తీసివేయండి. వచ్చేది తరువాతి ఉత్తేజ కాలం. మొత్తం ఆవృత్తి కాలంలోంచి, అంటే ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య కాలంలోంచి, దాన్ని తీసివేస్తే కొత్త విశ్రాంతి. మళ్లీ మొదటి నుంచి.

ఆవృత్తి 300 పెట్టి చూడండి. ఎక్కడ మొదలుపెట్టినా కొన్ని అడుగుల్లో ఉత్తేజ కాలం 186 దగ్గర కుదురుకుంటుంది. బుద్ధిమంతురాలైన గుండె. ఇప్పుడు ఆవృత్తి 210 చేయండి, ఉత్తేజ కాలం 140తో మొదలుపెట్టండి, అంటే మొదటి విశ్రాంతి 70. 150.7, 139.5, 151.2, 138.9, 151.8, 138.2. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది, పోనుపోను ఎడం పెరుగుతోంది. పోట్లు మాత్రం గడియారం కొట్టినట్టు సమానంగానే ఇస్తున్నాం. సమానమైన కారణం నుంచి సమానం కాని ఫలితం, బయటి నుంచి ఎవరూ కెలకకుండా. ఇక ఆవృత్తి 180 పెట్టి ఉత్తేజ కాలం 130తో మొదలుపెడితే ఎడం పెరిగి పెరిగి ఒక దశలో విశ్రాంతి కాలం సున్నా కంటే తక్కువకు పోతుంది. లెక్కలో అది అర్థం లేని అంకె. గుండెలో దాని అర్థం, ఆ పోటుకు కణం పలకలేదు, ఒక దెబ్బ పోయింది అని. హద్దు ఎక్కడో కలనగణితం వచ్చినవాళ్లు ఇట్టే చెబుతారు. వాలు ఒకటయ్యే చోట, అంటే ఆవృత్తి సుమారు 219 దగ్గర.

ఈ పెద్దది-చిన్నది ఆటను వైద్యులు ఆల్టర్నన్స్ అంటారు. ఇది కాగితం మీది వినోదం కాదు. ఈసీజీలో టీ అల (జఠరికలు ఉత్తేజం నుంచి తేరుకునేటప్పుడు వచ్చే గీత) ఒకసారి ఎత్తు, ఒకసారి పొట్టి కావడం, అదీ కంటికి ఆనని మైక్రోవోల్టుల తేడాతో, ప్రాణాంతకమైన జఠరిక లయభంగాలకు ముందు సూచన కావచ్చని 1994లో డేవిడ్ రోజెన్‌బామ్ బృందం చూపించింది. దాన్ని కొలిచే పరీక్ష కూడా వచ్చింది. ఒక్కొక్కరి విషయంలో జోస్యం చెప్పడానికి అది అనుకున్నంత గట్టిగా నిలవలేదు. కానీ పక్కపక్క కణాల్లో ఒకటి 'పెద్దది' మీద, మరొకటి 'చిన్నది' మీద ఉంటే అల అక్కడ చీలుతుందన్న వివరణ మాత్రం నాకు తెలిసినంతలో ఈ రంగంలో అందమైన ఆలోచనల్లో ఒకటి.

పత్రికలు ఎక్కువ సందడి చేసింది దీని గురించి కాదు, 1992 నాటి కుందేలు గురించి. అంతకు రెండేళ్ల ముందు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఆట్, సెల్సో గ్రెబోగి, జేమ్స్ యార్క్ కేయాస్‌ను అదుపు చేయవచ్చని సిద్ధాంతం రాశారు. చిన్న తేడాకు పెద్ద స్పందన ఇచ్చేదాన్ని చిన్న తోపుతోనే దారిలో పెట్టవచ్చు కదా, సమయం తెలిస్తే చాలు. అలన్ గార్ఫింకెల్, మార్క్ స్పానో, విలియం డిట్టో, జేమ్స్ వైస్ దీన్ని కుందేలు గుండె ముక్క మీద ప్రయత్నించారు. ఉవాబెయిన్ మందుతో లయ చెడగొట్టి, ముందుది-తరువాతది గ్రాఫును అప్పటికప్పుడు గీస్తూ, అది చెప్పిన క్షణంలో పోటు ఇచ్చారు. లయ కుదుటపడింది. రేపో మాపో తెలివైన పేస్‌మేకర్ వస్తుందని అందరూ అనుకున్నారు. ముక్క వేరు, ఫిబ్రిలేషన్‌లో ఉన్న పూర్తి గుండె వేరు. ముక్కలో కాలంతో మారే ఒక్క అంకెను గమనిస్తే సరిపోయింది. పూర్తి గుండెలో అలలు సుడులు తిరుగుతూ, చీలుతూ, ఒకదాన్నొకటి మింగుతూ ఉంటాయి. ఒక్క చోట నిలబడి ఒక్క తోపుతో వాటిని సర్దడం కుదరదు. ఆ సుడులు గుండె మందంలో మెలికలు తిరిగిన తాళ్లలా ఉంటాయని ఆర్థర్ విన్‌ఫ్రీ 1980ల నుంచి చెబుతూనే ఉన్నాడు.

కాబట్టి పని కాలం నుంచి స్థలానికి మారింది. మన దగ్గర కూడా ఇందులో మంచి పని జరిగింది. 2001లో సితభ్ర సిన్హా, అశ్విన్ పాండే, రాహుల్ పండిత్ ఒక గణిత నమూనాలో గుండె పొరను వలలాంటి గళ్లుగా విభజించి, ఆ గళ్ల గీతల మీద మాత్రమే చిన్న పోట్లు ఇస్తే సుడులన్నీ ఆరిపోతాయని చూపించారు. సుడి బతకడానికి కొంత చోటు కావాలి. గడి అంతకంటే చిన్నదైతే దానికి తావు లేదు. 2011లో లూథర్, ఫెంటన్ తదితరులు కుక్కల్లో ఇంకో దారి చూపించారు. ఫిబ్రిలేషన్ ఆపడానికి ఇచ్చే ఒకే పెద్ద షాకుకు బదులు వరసగా అయిదు బలహీనమైన షాకులు ఇచ్చారు. గుండెలోని రక్తనాళాలే ఒక్కొక్కటి అలకు పుట్టుచోటై సుడులను తోసివేశాయి. మామూలు షాకుతో పోలిస్తే సగటున 84 శాతం తక్కువ శక్తి. షాకు తిన్నవాళ్లెవరినైనా అడగండి, ఆ శాతం విలువ చెబుతారు.

ఆరోగ్యమైన గుండె సంగతి కూడా కాస్త చెప్పాలి. చాలామంది ఆరోగ్యమంటే గడియారం అనుకుంటారు. మణికట్టు మీద వేలు పెట్టి నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలండి. వయసులో ఉన్నవాళ్లయితే పీల్చేటప్పుడు నాడి వేగం అవుతుంది, వదిలేటప్పుడు మందగిస్తుంది. గుండె మార్పిడి చేయించుకున్నవారిలో నరాలు తెగిపోతాయి కాబట్టి ఈ ఊగిసలాట దాదాపు కనబడదు, దెబ్బలు కొలిచినట్టు సమానంగా పడతాయి. కాన్పుల వార్డులో నర్సమ్మలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. కడుపులో బిడ్డ గుండె గీత కొద్దికొద్దిగా కదులుతూ ఉంటే నిశ్చింత. చదునుగా సాగుతుంటే డాక్టరమ్మను పిలుస్తారు. బోస్టన్‌లో ఏరీ గోల్డ్‌బెర్గర్ ఈ మాటను 1980ల నుంచి గట్టిగా వినిపించాడు. జబ్బు గుండెలోనే క్రమం ఎక్కువ ఉండవచ్చన్నాడు. ఆరోగ్యమైన ఆ ఊగిసలాట కేయాసా కాదా అని 2009లో 'కేయాస్' అనే పత్రికే లియోన్ గ్లాస్ సంపాదకత్వంలో చర్చ పెట్టింది. ఏకాభిప్రాయం కుదరలేదు. ఊపిరి, రక్తపోటు, నరాలు, నడక, కోపం ఇవన్నీ కలిసి లాగే తాడుకు ఒకే నియమం వెతకడం అత్యాశ అని నా అభిప్రాయం.

ఇక నా జబ్బు. దీనికి ఇప్పుడు చేస్తున్న అబ్లేషన్ (గుండెలో కొంత కణజాలాన్ని కాల్చే చికిత్స) వెనుక ఉన్న ఆధారం ఏ కేయాస్ సమీకరణమూ కాదు. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ హైసగెర్ బృందం 45 మంది రోగుల్లో ఫిబ్రిలేషన్‌ను రేపే నిప్పురవ్వలు ఎక్కడ పుడుతున్నాయో వెతికింది. దొరికిన 69 చోట్లలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే సిరల్లోనే ఉన్నాయి. ఆ సిరల మూతుల చుట్టూ కణజాలాన్ని కాల్చి వేరు చేస్తే చాలామందికి నయమవుతోంది. సుడులనే వెతికి కాల్చే పద్ధతి కూడా 2012 ప్రాంతంలో వచ్చింది, మొదటి ఫలితాలు ఊరించాయి, తరువాతి పోలికల్లో ఆ లాభం నిలబడలేదు. సిద్ధాంతం మీద ఎంత ఇష్టమున్నా ఈ సంగతి దాచలేను. నా డాక్టరు గారు మాత్రలతో అదుపులో ఉన్నంతకాలం అబ్లేషన్ గురించి తొందర లేదంటున్నారు. మేఘం బొమ్మ చూపిస్తే "బాగుంది, మాత్ర మాత్రం మానకండి" అన్నారు. కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు పోవడమే ఈ జబ్బులో పెద్ద ప్రమాదం, దానికి లోరెంజ్ అడ్డు పడడు, మాత్ర అడ్డు పడుతుంది.

మీరూ చుక్కలు పెట్టి చూడాలనుకుంటే సొంత గుండె చెడగొట్టుకోనక్కర్లేదు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో 1975-79 మధ్య తీసిన అరగంట ఈసీజీలు 48 ఫిజియోనెట్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మనుషులు మాత్రం 47 మందే, 201, 202 ఒకరివే. సెకనుకు 360 సార్లు కొలిచినవి, ప్రతి స్పందననూ వైద్యులు చూసి గుర్తు పెట్టినవి. 100వ రికార్డు దాదాపు మామూలు గుండె, 2,273 స్పందనల్లో 2,239 మామూలువి. చుక్కలు ఒక్కచోటే గుమికూడతాయి. 203 నా జబ్బు. దానితో మొదలుపెట్టకండి, మేఘం చూసి విసుగొస్తుంది.

119తో మొదలుపెట్టండి. అందులో జఠరిక నుంచి తొందరపడి వచ్చే దెబ్బలు 444 ఉన్నాయి. ఒక మామూలు దెబ్బకు ఒకటి, లేక రెండింటికి ఒకటి చొప్పున వస్తుంటాయి. తొందర దెబ్బ ముందు కాలం పొట్టి, దాని వెనుక కాలం పొడుగు. అందువల్ల చుక్కలు విడివిడి దీవులుగా పడతాయి. మామూలు తరువాత పొట్టి ఒక దీవి, పొట్టి తరువాత పొడుగు ఒకటి, పొడుగు తరువాత మళ్లీ పొట్టి ఇంకొకటి. తరువాత అంకెలను కలిపేసి మళ్లీ గీయండి. పొట్టి తరువాత పొట్టి పడాల్సిన మూల, అసలు బొమ్మలో ఖాళీగా ఉన్నది, చుక్కలతో నిండుతుంది. ప్రోగ్రాం రాయడంలో ఎక్కడైనా చిక్కుకుంటే కింద రాయండి. కామాలు నేను చూస్తాను, మిగిలినవి మా చెల్లెలి కొడుకును అడిగి చెబుతాను.